8085 ట్రైనర్ కిట్టు: మూడేళ్లు వాడాక

పైథాన్ మొదలుపెట్టిన ఏడాదికి నాకు ఒక దిగులు పట్టుకుంది. ప్రోగ్రాములు రాస్తున్నాను, నడుస్తున్నాయి కూడా. కానీ రెండు అంకెలు కూడమని రాస్తే లోపల కూడేది ఎవరో, ఆ అంకెలు ఎక్కడ కూర్చుంటాయో తెలీదు. పగలంతా పర్లాకిమిడిలో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర బిల్లులు కొడతాను, చదువంతా రాత్రిపూటే. మా వీధిలో పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. ఆయన్ని అడిగితే, "చదివితే రాదమ్మా, చేత్తో కొట్టి చూడాలి" అన్నారు. బరంపురంలో మూతబడిన ఒక ఇన్‌స్టిట్యూట్ సామాను అమ్ముతుంటే, తనే వెంట వచ్చి 1,600 రూపాయలకి ఈ కిట్టు ఇప్పించారు. అప్పట్నుంచి వారానికి నాలుగు రాత్రులైనా దీని ముందు కూర్చుంటున్నాను.

ఒక పచ్చ బోర్డు. మధ్యలో 40 కాళ్ల 8085 చిప్పు, అంటే ఆజ్ఞల్ని చదివి నడిపే మైక్రోప్రాసెసర్. ఇంటెల్ దీన్ని 1976లో తెచ్చింది. దీనికి ముందొచ్చిన 8080కి మూడు రకాల వోల్టేజీలు కావాలి, దీనికి 5 వోల్టులొక్కటే చాలు. పేరు చివర 5 అందుకే. పక్కన 8 కేబీ ర్యామ్, కీప్యాడ్‌ని నడిపే మానిటర్ ప్రోగ్రామ్ ఉన్న ఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ చిప్పు), పైన ఆరు ఎర్ర అంకెల డిస్‌ప్లే. నాలుగు అంకెలు అడ్రసు, రెండు అంకెలు ఆ అడ్రసులో ఉన్న విలువ. స్క్రీను, మౌసు ఏమీ లేవు.

నేను కొట్టిన మొదటి ప్రోగ్రామ్ ఇప్పటికీ నోటికి వచ్చు: 3ఈ, 05, 06, 07, 80, 32, 50, 80, 76. 'ఏ' అనే రిజిస్టర్‌లో (చిప్పు లోపల అంకె పెట్టుకునే చిన్న గడి) 5 వెయ్యి, 'బీ'లో 7 వెయ్యి, కూడు, జవాబు 8050లో పెట్టు, ఆగు. తొమ్మిది అంకెలే, కానీ రెండు చోట్ల తడబడ్డాను. మొదటిసారి అడ్రసుని 80, 50 అని కొట్టాను. ఈ చిప్పు అడ్రసులో చివరి సగాన్ని (50) ముందు, మొదటి సగాన్ని (80) తర్వాత చదువుతుంది. దాంతో జవాబు 5080 అనే అడ్రసుకి వెళ్లింది, నా బోర్డులో అక్కడ ర్యామే లేదు. సరిచేశాక 8050 తెరిస్తే 12 బదులు 0సీ కనపడింది. హెక్స్, అంటే 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా వాడే పదహారు గుర్తుల లెక్కలో, 12 అంటే అదే. ఆ రెండు ఎర్ర అక్షరాల వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. కూడిక ఎక్కడ జరిగిందో, జవాబు ఎక్కడికొచ్చి కూర్చుందో మొట్టమొదటిసారి వేలుపెట్టి చూపించగలిగాను.

ఈ కిట్టు నాకు నేర్పిన అసలు పాఠం మాత్రం మూడో నెలలో వచ్చింది. ఆ రోజు షాపుకి ఐదుగురు రైతులు తెచ్చిన బస్తాల లెక్కే తీసుకున్నాను: 4, 12, 5, 118, 3. వాటిని కూడే లూపు (మళ్లీ మళ్లీ తిరిగే ఆజ్ఞల వరస) రాసి, ప్రోగ్రామ్ అయిపోయిన వెంటనే ఆ అంకెల్ని వరసగా పెట్టాను. జవాబు 8ఈ, అంటే 142. సరిగ్గా వచ్చింది. ఎన్నిసార్లు నడిపినా అదే. మర్నాడు 118ని 119 చేశాను. ఒక్క బస్తా తేడా. గో నొక్కి, రీసెట్ కొట్టి చూస్తే, ప్రోగ్రామ్ ఉండాల్సిన చోట నేను కొట్టని అంకెలు ఉన్నాయి!

రెండు రాత్రులు తల బద్దలుకొట్టుకుని మాస్టారి దగ్గరికి నోట్‌బుక్ పట్టుకెళ్లాను. ఆయన పేజీ మీద వేలు నడిపిస్తూ, "ఏటమ్మా, ఆపమని దీనికి ఎక్కడ చెప్పావు?" అన్నారు. ప్రోగ్రామ్ చివర 76 కొట్టడం మర్చిపోయాను. అయితే నిన్న ఎలా ఆగింది? 118ని హెక్స్‌లో రాస్తే 76. ఆగు అనే ఆజ్ఞ కూడా 76. కూడిక అయ్యాక చిప్పు అలాగే ముందుకెళ్లి, బస్తాల లెక్కనే ఆజ్ఞలుగా చదివింది. 04 అంటే బీకి ఒకటి కలుపు, 0సీ అంటే సీకి ఒకటి కలుపు, 05 అంటే బీలో ఒకటి తీసెయ్యి. వాటివల్ల నష్టం లేదు. తర్వాత 76 తగిలింది, ఆగిపోయింది. 119 అంటే 77, అది మెమరీలో రాయమనే ఆజ్ఞ. అక్కడ ఆగకుండా ఎదురైన ప్రతి అంకెనీ ఆజ్ఞ అనుకుని పరిగెత్తింది. ఆజ్ఞైనా, బస్తాలైనా మెమరీలో ఉండేది అంకెలే. ఏది ఏదో రాసేవాళ్లకి తెలియాలి తప్ప చిప్పుకి తెలీదు. పైథాన్ ఇన్నాళ్లూ నా తరఫున ఏం కాపలా కాస్తోందో ఆ రాత్రి అర్థమైంది.

టైమ్ లెక్క కూడా దీంట్లోనే నేర్చుకున్నాను. ఎల్ఈడీని అర సెకనుకోసారి వెలిగించాలంటే చిప్పుని ఊరికే తిప్పుతూ ఉండాలి. బీ, సీ రిజిస్టర్ల జంటలో 65,535 వేసి, ఒక్కొక్కటీ తగ్గిస్తూ, సున్నా అయ్యేదాకా తిరగమన్నాను. అది ఆగనే లేదు. 3తో మొదలుపెట్టి సింగిల్ స్టెప్‌లో ఒక్కో ఆజ్ఞా నడిపి చూస్తే, సున్నా దాటి ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్‌కి వెళ్లి మళ్లీ తిరుగుతోంది. డీసీఎక్స్ అనే ఆజ్ఞ జంటని తగ్గిస్తుంది కానీ జీరో ఫ్లాగుని, అంటే సున్నా వచ్చిందని చెప్పే గుర్తుని, ముట్టుకోదు. రెండు సగాల్నీ ఓఆర్ చేసి (రెండూ సున్నా అయితేనే సున్నా వస్తుంది) మనమే చూసుకోవాలి. అది కలిపాక ఒక్కో చుట్టుకి 24 క్లాకులు (చిప్పు టిక్కులు), మొత్తం 15,72,840. ఆ టిక్కులకి తాళం ఇచ్చే క్రిస్టల్ 6.144 మెగాహెర్ట్జ్, చిప్పు దాన్ని సగం చేసుకుంటుంది, కాబట్టి 0.512 సెకను రావాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి వంద లెక్కపెట్టాను. 51 సెకన్లు!

మా ఊళ్లో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకోవడానికి, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. చిప్పు భాష కూడా ఇంట్లో దాంతో కాపురం చేస్తేనే వచ్చింది నాకు.

ఇక ఇబ్బందులు. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. ఎండాకాలం రాత్రులు 80 అంకెలు కొట్టాక కరెంటు పోతే ఏడుపొచ్చేది. ప్రతి ప్రోగ్రామ్‌నీ ముందు నోట్‌బుక్‌లో అడ్రసుతో సహా రాసుకోవడం అప్పుడే అలవాటైంది. రెండో ఏడు కీప్యాడ్‌లో రెండు మీటలు పట్టడం మానేశాయి, వైజాగ్ నుంచి తెప్పించి మాస్టారే సోల్డర్ చేశారు. 8085లో గుణకారం ఆజ్ఞే లేదు, కూడికలతో మనమే కట్టుకోవాలి. అది నాకు మేలే చేసింది. ఇప్పటి కంప్యూటర్లలో ఉండే క్యాషు, పైప్‌లైను, ఆపరేటింగ్ సిస్టమ్ లాంటివి దీంట్లో దొరకవు, వాటికి వేరే దారి చూసుకోవాలి. ఉద్యోగం కోసం తొందరలో ఉన్నవాళ్లకి ఇది చెప్పను. లోపల ఏం జరుగుతోందో తెలియక నాలాగా నిద్రపట్టనివాళ్లకి మాత్రం గట్టిగా చెబుతాను.

ముందు ఒక నెల ఉచితంగా దొరికే 8085 సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో ఆ చిప్పులాగే నడిచే ప్రోగ్రామ్) మీద చేసి చూడండి. అప్పటికీ మనసు లాగితే కిట్టు కొనండి. పాతది కొనేటప్పుడు అడాప్టర్ పెట్టించి, ఆరు అంకెల్లోనూ అన్ని గీతలూ వెలుగుతున్నాయో లేదో చూడండి. ప్రతి మీటా నొక్కండి. 8000లాంటి ర్యామ్ అడ్రసులో ఒక అంకె వేసి, వెనక్కి వచ్చి మళ్లీ తెరిచి చూడండి. ఈప్రామ్ కిటికీ మీద స్టిక్కర్ ఉండాలి, దాన్ని పీకొద్దు, వెలుతురుకి లోపలి ప్రోగ్రామ్ మెల్లగా చెరిగిపోతుంది. ఆజ్ఞల కోడ్‌ల పట్టిక ఉన్న మాన్యువల్ కూడా అడిగి తీసుకోండి. నాది అట్ట ఊడిపోయింది, దారంతో కుట్టి వాడుతున్నాను.