సైమన్–గార్ఫంకెల్ చివరి ఆల్బమ్: నలభై రూపాయల క్యాసెట్ నుంచి ఇవాళ్టి దాకా

1997లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల కుప్పల మధ్య దొరికింది ఈ క్యాసెట్. నలభై రూపాయలు. ఇరవై నావి, ఇరవై మా రూమ్మేట్‌వి. అట్ట మీద ముందొకడు, వాడి వెనకాల ఇంకొకడు. ఎవరో ఏమిటో మా ఇద్దరికీ తెలీదు. 'బాక్సర్' అన్న పేరు చూసి మావాడు ఏదో ఫైటింగ్ సినిమా పాటలనుకున్నాడు. నేను మాత్రం అరవై చెప్పినవాడు నలభైకి దిగాడు కదా అని కొన్నాను.

ఆ క్యాసెట్ 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్'. అమెరికన్ గాయకులు పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ జంటగా చేసిన ఐదో స్టూడియో ఆల్బమ్, ఆఖరిది కూడా. 1970 జనవరిలో వచ్చింది. పదకొండు పాటలు, అన్నీ కలిపి ముప్పై ఏడు నిమిషాల లోపే. 1971లో గ్రామీ వాళ్లు ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అన్నారు. ఇవన్నీ నాకు తర్వాత ఎప్పుడో తెలిశాయి. ముందు క్యాసెట్, తర్వాత 2001లో వచ్చిన సీడీ, మధ్యలో కొన్నాళ్లు ఎంపీత్రీ, ఇప్పుడు ఫోన్. ఇన్నేళ్లు వాడాను కాబట్టి, గొప్ప ఆల్బమ్ అని దణ్ణం పెట్టేసి ఊరుకోను. ఇందులో అరిగిపోయిన పాటలున్నాయి, ఇంకా అరగనివీ ఉన్నాయి.

హాస్టల్లో మా టేప్‌రికార్డర్‌కి ఓ తెగులుండేది. కుడివైపు స్పీకరు పనిచేసేది కాదు. రెండేళ్లు ఈ ఆల్బమ్‌ని ఒక్క చెవితో విన్నట్టే విన్నాం. పైగా 'సిసీలియా' మధ్యలో ఒకసారి టేపు హెడ్డుకి చుట్టుకుంది. పెన్సిల్ దూర్చి తిప్పి తిప్పి సరిచేశాను గానీ, నలిగిన చోట గొంతు ఒక్క క్షణం నీళ్లలో మునిగి పైకి తేలినట్టు వచ్చేది. ఇప్పటికీ ఫోన్లో ఆ పాట వింటుంటే సరిగ్గా అక్కడికి రాగానే ఆ మునక కోసం చూస్తాను. అది రాదు. ఏదో తక్కువైనట్టుంటుంది.

ఆ పాట పుట్టిందే అలాంటి మోటు పద్ధతిలో. లాస్ ఏంజలెస్‌లో అద్దె ఇంట్లో కూర్చుని తొడల మీద, పియానో బల్ల మీద దరువేస్తూ మామూలు ఇంటి టేప్‌రికార్డర్లో పట్టుకున్నారు. అందులో కుదిరిన ముక్కని స్టూడియోలో పదే పదే తిరిగేలా అతికించి, దాని మీద పాట కట్టారు. ఇది తెలియక ముందే మా మెస్‌లో స్టీలు కంచాల మీద దీనికి దరువేసేవాళ్లం. వార్డెన్ వచ్చి తిట్టేదాకా.

ఉద్యోగం వచ్చాక మంచి డెక్కు కొన్నాను. రెండు స్పీకర్లూ పలికేది. అందులో మొదట పెట్టింది 'ది బాక్సర్'. ఆ మొదలయ్యే గిటార్ నాకు కంఠతా వచ్చు అనుకున్నాను. కుడివైపు నుంచి ఇంకో గిటార్ వినబడేసరికి పక్కింటి రేడియో అనుకుని ఆపి చూశాను. పక్కింట్లో రేడియో లేదు. రెండో గిటార్ మొదట్నించీ అందులోనే ఉంది, మా దాకా రాలేదంతే.

'బాక్సర్' రికార్డింగుకి వంద గంటలు దాటిందంటారు. నాష్‌విల్‌లో కొంత, న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ చాపెల్‌లో కొంత, స్టూడియోలో కొంత. చరణాల తర్వాత "లై ల లై" అని వస్తుందే, అది మాటలు దొరక్క అలా ఉండిపోయిందని సైమనే తర్వాత ఒప్పుకున్నాడు. అదొక లోపమని ఆయన బాధ. 'రేలా రేలా', 'ఉయ్యాలో' వింటూ పెరిగిన మనకు అదో లోపంలా అనిపించదు. పల్లవిలో అర్థం లేని మాట ఉంటేనే పదిమంది గొంతు కలుపుతారు.

ఆ లై ల లైల మధ్య ఒక మోత ఉంటుంది. మొన్న మా అమ్మాయి ఇయర్‌ఫోన్ తీసేసి, "నాన్నా, మధ్యలో ఎవరో తలుపు డమాల్న వేస్తున్నారేంటి?" అంది. అది హాల్ బ్లెయిన్ డ్రమ్ము. స్టూడియో బయట నడవలో, లిఫ్టు ఎదురుగా పెట్టి కొట్టించారు, ఆ గొట్టంలాంటి సందులో మోత మారుమోగాలని. సరిగ్గా కొట్టే సమయానికి లిఫ్టు తలుపు తెరుచుకుని, బయటికొస్తున్న ముసలి వాచ్‌మన్ గుండె జారిందని ఓ కథ ఉంది. ఇది చెప్పాక మా అమ్మాయి పాటంతా మళ్లీ విన్నది, డమాల్ వచ్చినప్పుడల్లా నవ్వుతూ.

ఇక టైటిల్ పాట. నిజం చెప్పాలంటే నాకు ఇదే ముందు అరిగింది. ప్రతి కాలేజీ ఫేర్‌వెల్లోనూ ఎవరో ఒకరు పియానో ట్రాకు పెట్టుకుని పాడతారు, చివర్లో పైస్థాయి అందక దగ్గుతారు. ఏ హడావిడీ లేకుండా ఎన్నో ఏళ్లకు మళ్లీ వింటే మాత్రం ల్యారీ నెక్టెల్ పియానో దగ్గరే నేను పడిపోయాను. సైమన్ దీన్ని గిటార్ మీద కట్టాడు. దాన్ని గార్ఫంకెల్ గొంతుకు తగిన శ్రుతిలోకి, చర్చి పాటల ధోరణిలోకి తెచ్చింది నెక్టెల్. మొదట రెండే చరణాలట. ఇంకొకటి కావాలని మిగతావాళ్లు పట్టుబడితే మూడోది స్టూడియోలోనే రాశాడు. అందులో వచ్చే 'సిల్వర్ గర్ల్' సైమన్ మొదటి భార్య పెగ్గీయే. తలలో మొదటి తెల్లవెంట్రుకలు చూసుకుని ఆవిడ దిగులు పడితే పుట్టిన మాట. ఈ సంగతి మా ఆవిడకి చెప్పాను. "ఆయన పాట రాశాడు, మీరు హెన్నా ప్యాకెట్ తెచ్చారు" అంది.

చాలాకాలం నేను గమనించని సంగతొకటి ఈ పాటలోనే ఉంది. జంటస్వరాలకు పేరుపడ్డ వీళ్ల ఆఖరి ఆల్బమ్ తెరుచుకునేది దాదాపు ఒక్క గొంతుతోనే. మూడో చరణం దాకా సైమన్ వినబడడు. రాసింది ఆయన, చప్పట్లు గార్ఫంకెల్‌కి. స్టేజీ పక్కన నిలబడి, అది నా పాట కదా అని లోలోపల అనుకునేవాణ్నని ఆయనే చెప్పుకున్నాడు. ఆల్బమ్ చివరి పాట 'సాంగ్ ఫర్ ది ఆస్కింగ్' సైమన్ ఒక్కడే పాడాడు. ఇటు ఒకడు, అటు ఒకడు. పదకొండు పాటలే ఎందుకంటే పన్నెండో దాని మీద గొడవ. సైమన్ రాసిన రాజకీయ పాట ఒకటి గార్ఫంకెల్ వద్దన్నాడు, గార్ఫంకెల్ అడిగిన బాహ్ (పాతకాలపు జర్మన్ స్వరకర్త) కోరస్ సైమన్ ఒప్పుకోలేదు. రెండూ మానేశారు.

నాకు అరగని పాట వేరే ఉంది. 'ది ఓన్లీ లివింగ్ బాయ్ ఇన్ న్యూయార్క్'. గార్ఫంకెల్ 'క్యాచ్-22' సినిమాలో వేషం కోసం మెక్సికో వెళ్లాడు. నిజానికి సైమన్‌కి కూడా అందులో వేషం ఉండాల్సింది, తీసేశారు. ఒకడు షూటింగులో, ఒకడు న్యూయార్క్‌లో పాటలు రాసుకుంటూ. పాటలో పిలిచే 'టామ్' గార్ఫంకెలే. పదిహేను పదహారేళ్లప్పుడు, 1957లో, 'టామ్ అండ్ జెర్రీ' అన్న పేరుతో వీళ్లకో చిన్న హిట్టుంది, ఆ టామ్. కోపం ఎక్కడా లేదు, క్షేమంగా వెళ్లిరా అన్నట్టుంటుంది. వెనకాల 'ఆ' అంటూ గొంతులు పొరలు పొరలుగా లేస్తాయి. ఆ గొంతులూ వాళ్లిద్దరివే.

1999లో మా రూమ్మేట్ అమెరికా వెళ్లాడు. ఊళ్లో సగం మంది కుర్రాళ్లు వెళ్తున్న రోజులు. బేగంపేట ఎయిర్‌పోర్టులో వాళ్ల బంధువులు పదిహేనుమంది పైనే ఉన్నారు, నాకు దగ్గరికి వెళ్లే సందు దొరకలేదు. దూరం నుంచి చెయ్యూపాను. గదికొచ్చాక చూస్తే క్యాసెట్ నా టేబుల్ మీదే ఉంది. "నీ ఇరవై రూపాయలు బాకీరా" అని వాడు ఇప్పటికీ న్యూజెర్సీ నుంచి మెసేజ్ పెడతాడు.

నచ్చనివీ చెప్పాలి. 'వై డోంట్ యు రైట్ మి' నాకెప్పుడూ ఎక్కలేదు. 'బేబీ డ్రైవర్' కారులో బాగుంటుంది, ఇంట్లో చికాకు. 'ఎల్ కాండర్ పాసా' రెస్టారెంట్లలో వేణువు మీద వాయించి వాయించి ప్రాణం తీశారు, తప్పు పాటది కాదు. ఆ బాణీ జానపదమనుకునే సైమన్ తీసుకున్నాడు. అది 1913లో పెరూ స్వరకర్త డానియల్ అలోమియా రోబ్లెస్ కట్టింది. ఆయన కొడుకు కేసు వేశాక పేరు చేర్చి సర్దుకున్నారు. జానపదమని రాసేసి సొంతదారుణ్ని మర్చిపోవడం మన దగ్గర కూడా కొత్త కాదు.

'బై బై లవ్' మాత్రం మొదట్లో దండగ అనుకున్నాను. లైవ్ రికార్డింగు, జనం చప్పట్లు, పైగా వీళ్ల కంటే ముందటి జంట గాయకులు ఎవర్లీ బ్రదర్స్ పాట. ఇప్పుడు దాన్ని దాటెయ్యను. ఈ ఇద్దరూ కుర్రతనంలో గొంతు కలపడం నేర్చుకున్నదే ఎవర్లీ బ్రదర్స్‌ని అనుకరించి. విడిపోయే ముందు మళ్లీ ఆ బడికే వెళ్లినట్టుంటుంది.

తర్వాత 1981లో సెంట్రల్ పార్క్‌లో ఐదు లక్షల మంది ముందు కలిసి పాడారు. కలిసి ఇంకో ఆల్బమ్ మొదలుపెట్టారు కూడా, కానీ గార్ఫంకెల్ గొంతు చెరిపేసి సైమన్ దాన్ని 1983లో తన సొంత ఆల్బమ్‌గా విడుదల చేసుకున్నాడు. కాబట్టి ఇదే ఆఖరిది.

కొత్తగా వినేవాళ్లకి ఒక మాట. షఫుల్ తీసేసి, ఇయర్‌ఫోన్ రెండువైపులా పనిచేస్తోందో లేదో చూసుకుని వరసగా వినండి. ఆటోప్లే కూడా ఆపేయండి. 'సాంగ్ ఫర్ ది ఆస్కింగ్' రెండు నిమిషాలు కూడా ఉండదు. అది అయిన మరుక్షణం యాప్ ఇంకెవరిదో పాట అందుకుంటుంది. టేపు రోజుల్లో అయితే బటన్ టక్‌మని పైకి లేచేది, తర్వాత గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే.