స్లైడ్ షీట్: మంచాన ఉన్నవాళ్లను పైకి జరపడానికి

నల్లగొండ సర్జికల్ షాపులో తీసుకున్న గొట్టం ఆకారపు నైలాన్ షీట్ ఇది. చంకల కింద చేతులు పెట్టి గుంజితే పేషెంటు భుజం కీలు దెబ్బతింటుంది, నడుము కింద చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. దీని రెండు పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

ముందు మంచం చక్రాలకు బ్రేకు వేసి, తలవైపు దించాలి. మనిషిని పక్కకు ఒత్తిగిల్లజేసి, సగం మడిచిన షీట్‌ను భుజాల నుంచి తుంటి దాకా వీపు కిందికి దూర్చాలి. మనిషిని రెండో పక్కకు తిప్పి మిగతా షీట్‌ను లాగాలి. మోకాళ్లు మడిపించి, ఇద్దరు చెరో పక్క పై పొర పట్టుకుని ఒకేసారి తలవైపుకు జరపాలి. ఎత్తొద్దు, జరపడమే.

నవారు మంచం మీద పనికిరాదు, నడుమ గుంత పడి షీట్ ముడతలవుతుంది. పని కాగానే తీసేయాలి, లేకుంటే మనిషి కిందికి జారతాడు. కుట్లు గట్టిగానే ఉన్నాయి. పట్టుకోవడానికి పిడులు లేకపోవడం పెద్ద లోటు, ఎండాకాలం చెమట చేతుల్లో బట్ట నిలవదు.