కలంకారీకి సహజ రంగులు: ఐదేళ్లు వాడాక నా సమీక్ష

అక్రిలిక్ ఫ్యాబ్రిక్ రంగులు పూర్తిగా మానేసి ఐదేళ్లు దాటింది. శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో బొమ్మలు వేస్తాను, కాబట్టి ఇదంతా నూలు చీరలు, దుపట్టాల మీద వాడిన అనుభవమే. మానేయడానికి కారణం బ్రష్ కడిగిన నీళ్లు. అక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే కదా, బ్రష్ జాడించిన ప్రతిసారీ అది సింకులోంచి కాలువకీ, అక్కణ్ణుంచి చెరువుకీ పోతుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు.

నలుపుకి పదికి పది. తుప్పు మేకులు, బెల్లం, తాటిబెల్లం కుండలో వేసి నీళ్లు పోసి మూడు వారాలు ఊరబెడితే రంగు తయారు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేసిన బట్ట మీద గీత గీస్తే ముందు పల్చటి టీ నీళ్లలా పడుతుంది, కలం ఎత్తేలోపే నల్లబడిపోతుంది. కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి చేసే పని అది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు! పాలలో కొవ్వు రంగుని పక్కకి పాకనివ్వదు, అందుకే వెన్న తీయని పాలే వాడండి. ఇనుము మాత్రం మరీ ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ గీత ఉన్నచోట బట్ట చీకిపోతుంది.

ఎరుపు కూడా బాగా నిలిచింది. ఎక్కడ పటిక నీళ్లు పూస్తామో అక్కడే మంజిష్ఠ వేరు రంగు పట్టుకుంటుంది, మిగతాచోట్ల ఉతుకుల్లో పోతుంది. పసుపు రంగుకి దానిమ్మ తొక్కలు చాలు, జ్యూస్ బండి వాళ్లు ఊరికే ఇస్తారు. వంటింటి పసుపు జోలికి వెళ్లకండి, ఎండకి అస్సలు ఆగదు.

నీలం దగ్గరే ఇబ్బంది. నీలిమందు నీళ్లలో కరగదు, కరగాలంటే బెల్లం, సున్నం వేసి తొట్టిలో పులియబెట్టాలి, పైగా గాలి తగలగానే మళ్లీ కరగని రూపంలోకి మారిపోతుంది కాబట్టి కలంతో పూయడం దాదాపు కుదరదు. నేను బట్ట ముంచడానికే వాడుతున్నాను.

ఇక అసలు విషయం నీళ్లు. ఈ పద్ధతిలో ప్రతి దశకీ ఉతుకుడే. కాళహస్తిలో స్వర్ణముఖి పారే నీళ్లలో జాడించేవారు, మనం అపార్ట్‌మెంట్లో ట్యాంకర్ నీళ్లు కొనుక్కుని ఆ పని చేస్తే పర్యావరణానికి మేలు చేశామని ఎలా అంటాం? అందుకే చివరి జాడింపు నీళ్లు దాచి తర్వాతి బట్ట మొదటి ఉతుక్కి వాడతాను, ఒకే రంగు బట్టలన్నీ ఒకేసారి ఉడకబెడతాను. ఉడికిన తొక్కలు, వేర్లు కంపోస్టులోకి. ఇంకో మాట, ఆకుపచ్చ ముదురుగా రావాలంటే మైలుతుత్తం (రాగి లవణం) వేయమని చాలామంది చెప్తారు. దయచేసి వేయకండి, అది చేపల్ని చంపుతుంది, ఆకునుంచి వచ్చిన రంగు అయినంత మాత్రాన ఆ విషం తగ్గదు. రంగు పొడి కొనేటప్పుడు అందులో ఏ లవణం కలిపారో అడిగి తెలుసుకోండి.

తేదీ పెట్టుకుని ఆర్డర్లు తీసుకునేవాళ్లకి మాత్రం ఇది టెన్షనే. అక్రిలిక్‌తో శని, ఆదివారాల్లో అయిపోయే దుపట్టాకి ఇక్కడ వారాలు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నలుపు ఒక్కదానితోనే ఒక దుపట్టా వేసి చూడండి. కరక్కాయలు మూలికల కొట్లో, ఇనప ముక్కలు పాత సామాన్లవాడి దగ్గర దొరుకుతాయి.