కుక్కపిల్లలు: ఒకేసారి రెండా, ఒకదాని తర్వాత ఒకటా?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే మనవాళ్లు ఎవరు కుక్కపిల్లను తెచ్చుకుందామనుకున్నా ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే. "ఇద్దరం ఆఫీసుకు వెళ్తాం. ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకుంటుందేమో, రెండు తెచ్చుకుంటే ఒకదానికొకటి తోడుంటాయి కదా?" దానికి తోడు, వీధిలో పుట్టిన ఇండీ పిల్లల్ని దత్తత ఇచ్చేవాళ్లు కూడా "అక్కాచెల్లెళ్లు, విడదీయకండి" అని అడుగుతుంటారు. ఆ ఫొటో చూశాక కాదనడం కష్టమే.

నేనైతే ముందు ఒకదాన్నే తెచ్చుకోమంటాను. అది ఒకటిన్నర, రెండేళ్లదయ్యాక రెండోదాన్ని తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో అలాగే చేశాం. అలాగని రెండు కలిపి తెచ్చుకోవడంలో మంచి లేదని అనను. మొదటి రాత్రుల ఏడుపు బాగా తగ్గుతుంది. సోఫా కాళ్ల మీద చూపించే ప్రతాపం కొంత ఒకదాని చెవుల మీద ఒకటి చూపించుకుంటాయి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యిమంటుందో ఆటలోనే తెలుస్తుంది. ఎనిమిది వారాలు తల్లి దగ్గరే పెరిగిన పిల్ల మాత్రం ఆ పాఠం చాలావరకు నేర్చుకునే వస్తుంది.

ఖర్చు రెట్టింపని అందరికీ తెలుసు. తెలియనిది పార్వో సంగతి, అంటే కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు. ఒకదానికి వస్తే రెండోదానికీ అంటుకునే ప్రమాదం చాలా ఎక్కువ. అప్పుడు రెండింటికీ ఒకేసారి సెలైన్లు, వాంతులు, ఫినాయిల్. ఆడ, మగ జంటైతే ఇంకో టెన్షన్. ఆరు నెలలు దాటాక ఆడది ఎప్పుడైనా హీట్‌కు (ఎదకు) రావచ్చు, తోడబుట్టినదన్న పట్టింపు వాటికి ఉండదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

ఇవన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు. నా మట్టుకు అసలు లెక్క వేరే ఉంది. కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా ఒప్పుకునే వయసు మూడో వారం నుంచి 12-14 వారాల దాకా. ఆ తర్వాత కొత్తదేది కనిపించినా ముందు అనుమానమే. మరోపక్క టీకాల వరస పూర్తయ్యేసరికి 16 వారాలు అవుతుంది. అంతదాకా వీధిలో కింద దించకూడదు. కాబట్టి ఆ కొద్ది వారాలూ పిల్లను చంకనేసుకుని తిప్పాలి. రింగ్ రోడ్డు పక్కన నిలబడి ఆటోల మోత వినిపించాలి. లిఫ్టు తలుపు, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, కుక్కర్ విజిల్, అన్నీ పరిచయం చేయాలి. ఒక పిల్లతో ఇది సరదా. రెండింటితో అయితే ఒక్కోదాన్ని విడిగా తీసుకెళ్లాలి. విడిగా ఎందుకంటే, రెండూ పక్కపక్కనే ఉంటే ఆటోను చూసి ధైర్యం తెచ్చుకోవు, ఒకదాన్నొకటి చూసి తెచ్చుకుంటాయి. తోడు లేని రోజు ఆ ధైర్యమూ ఉండదు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో మా ఆడపడుచు వాళ్లు ఒకే ఈతలో పుట్టిన రెండు లాబ్రడార్లను తెచ్చారు. పెద్దయ్యాక ఒకదానికి చెవి చీము పట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నేనూ తోడు వెళ్లాను. బల్ల మీద అది వణుకుతూనే ఉంది, ముక్కు దగ్గర పెట్టిన చికెన్ ముక్కను వాసన కూడా చూడలేదు. తిరిగొచ్చేసరికి ఇంట్లో ఉన్నది తలుపు అడుగున పెయింటు ఊడేలా గీకేసింది. "వదినా, వీటికి నేను అన్నం పెట్టే మనిషినే. కావాల్సింది మాత్రం అది దీనికి, ఇది దానికి" అంది తను. ఒకదాన్ని పిలిస్తే రెండూ వస్తాయి, లేదంటే రెండూ రావు. ట్రైనర్లు దీన్ని లిటర్‌మేట్ సిండ్రోమ్ అంటారు. అది డాక్టర్లు రాసే రోగం పేరేమీ కాదు, ప్రతి జంటకూ వస్తుందనీ లేదు. తోడబుట్టినవి కాకపోయినా ఒకే ఈడు పిల్లలైతే ఇలా కావచ్చు.

అందుకే నేను ఇంటి సైజు కంటే ముందు ఇంట్లో ఎన్ని చేతులున్నాయో అడుగుతాను. అత్తమామలు కలిసి ఉండి, ఒక్కో పిల్లకు ఒక్కో మనిషి కనీసం ఆరు నెలల వయసు దాకా అంటిపెట్టుకుని చూసుకుంటే రెండూ బాగానే పెరుగుతాయి. ఇద్దరే ఉండి ఇద్దరూ వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లైతే వద్దు.

ఒకదాని తర్వాత ఒకటి అన్నప్పుడు లాభం ఏమిటంటే, పెద్దది సగం ట్రైనింగ్ ఇచ్చేస్తుంది. మా చిన్నది లిఫ్టులో కూర్చోవడం, వాన పడుతున్నా కిందికెళ్లి పని కానిచ్చి రావడం పెద్దదాన్ని చూసే నేర్చుకుంది. కాలింగ్ బెల్ మోగితే ఇల్లు పీకి పందిరేయడమూ దాని దగ్గరే నేర్చుకుంది, అది వేరే సంగతి. మొదటిసారి ఇంట్లో కాకుండా బయట కలపండి, కొన్నాళ్లు గిన్నెలు వేర్వేరు గదుల్లో పెట్టండి. పెద్దది ముసలిదై కీళ్ల నొప్పులతో ఉంటే మాత్రం దాని నెత్తిన పిల్లను పెట్టొద్దు.

రెండు కుక్కలంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోదేమో అని కొందరి భయం. యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకు లేదు, లిఫ్టు ఎక్కించొద్దని అనడానికీ లేదు. పగలు కుక్కల్ని చూసుకునే డేకేర్‌లో వదలడం కుదిరితే మంచిదే. తోడుగా పిల్లిని తెస్తే ఎలా అని కూడా అడుగుతారు. పిల్లి కావాలనుకుంటే తెచ్చుకోండి, కుక్క కోసం మాత్రం తేవద్దు.

ఇప్పటికే రెండూ ఇంటికొచ్చేసి ఉంటే ఈ రాత్రి నుంచే పడకలు వేరు చేయండి. మొదట ఒకే గదిలో దూరంగా, తర్వాత వేరే గదుల్లో. రోజూ ఒక్కోదానికి విడి వాకింగ్, విడి ట్రైనింగ్. రెండూ కలిసి ఆడుకోవడం ఆ తర్వాతే.