జెల్ ప్యాడ్లు, మందపాటి బార్ టేప్: మూడేళ్లు, 16 వేల కిలోమీటర్లు వాడాక

మూడేళ్ల కిందట 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన సైకిల్ లాంగ్ రైడ్) పూర్తి చేసిన మర్నాడు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను. కుడిచేతి చిటికెన వేలు పూర్తిగా, ఉంగరం వేలు సగం మొద్దుబారిపోయాయి. మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే పప్పు వేడి మూడు వేళ్లకు తెలుస్తోంది, చివరి రెండింటికీ తెలియడం లేదు. 20 గంటల గడువున్న రైడ్‌లో 18 గంటలకు పైగా పట్టింది కాబట్టి కాస్త తిమ్మిరి మామూలే అనుకున్నాను. నాలుగు రోజులైనా తగ్గకపోయేసరికి టెన్షన్ మొదలైంది.

ఆ తర్వాత హ్యాండిల్‌బార్ మీద చాలా రకాల టేపులు, మెత్తలు చుట్టి చూశాను. వాటి గురించే ఇది. కొత్తగా రోడ్ బైక్ కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "అన్నా, ఏ టేప్ కొనాలి?" అని. నా అనుభవంలో ఆ ప్రశ్న మూడోదో నాలుగోదో కావాలి. ఎందుకో చెప్తాను.

అప్పుడు చెయ్యి చూపించుకోవడానికి వెళ్తే ఆర్థోపెడిక్ డాక్టర్ ఒక కాగితం ముక్కను నా బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి, "వదలకుండా పట్టుకోండి" అని లాగారు. ఎడమచేత్తో సులువుగా ఆపాను. కుడిచేత్తో మాత్రం బొటనవేలి కణుపు వంచి నొక్కితే తప్ప ఆగలేదు. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది కదా, నాకు ఒత్తిడి పడింది ఆ నరం మీదే, అల్నార్ నరం. మణికట్టు దాటి అరచేతిలోకి వచ్చేచోట, చిటికెన వేలి వైపు, రెండు చిన్న ఎముకల మధ్య ఇరుకు దారిలోంచి వెళ్తుంది. ఆ దారిని గియాన్ కెనాల్ అంటారు. హుడ్స్ మీద, అంటే బ్రేక్ లీవర్ల పైనుండే రబ్బరు తొడుగుల మీద, చేతులు పెట్టినప్పుడు మనం బరువు మోపేది సరిగ్గా అక్కడే. అదే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం, మీడియన్. మణికట్టును ఎక్కువసేపు వెనక్కి వంచి ఉంచితే దాని మీద ఒత్తిడి పడుతుంది. మీకు ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో గమనించి పెట్టుకోండి. ఏం మార్చుకోవాలో సగం అక్కడే తెలిసిపోతుంది.

నాకు మూడు వారాలు సైకిల్ ముట్టుకోవద్దన్నారు. స్పర్శ పూర్తిగా తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టింది.

నాది అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్ ఉన్న బైక్. దానితో వచ్చిన ఫోమ్ టేప్ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మొదట ఖర్చు లేని ఉపాయం చేశాను. పాత ట్యూబ్‌ని నిలువునా చీల్చి, కడిగి ఆరబెట్టి, ముక్కలు కోసి, బార్ పైభాగంలో టేప్ కింద పరిచాను. నిజానికి బాగానే పనిచేసింది. రబ్బరు గట్టిగా ఉన్నా సన్నటి అదురును కొంత తినేస్తుంది. కానీ ఎండాకాలంలో రెండు నెలలు తిరిగేసరికి ముక్కలు జారి, టేప్ కింద ఒకచోట కుప్పగా చేరాయి. గట్టిగా పట్టుకుంటే ఆ కుప్ప అరచేతిలో గుచ్చుకునేది. డబ్బు పెట్టే ముందు మందంగా ఉన్న బార్ మీ చేతికి నప్పుతుందో లేదో చూసుకోవాలంటే మాత్రం ఇంతకంటే మంచి దారి లేదు.

తర్వాత జెల్ ప్యాడ్లు కొన్నాను. అడుగున జిగురు ఉండే పొడవాటి పట్టీలు, మందం సుమారు మూడు మిల్లీమీటర్లు. బార్ పైభాగంలో, హుడ్స్ వెనక వంపులో, డ్రాప్స్‌లో (బార్ కిందికి వంగిన భాగంలో), అన్నిచోట్లా అతికించి వాటి మీద రెండున్నర మిల్లీమీటర్ల టేప్ చుట్టించాను. మొదటి 50 కిలోమీటర్లు స్వర్గం. చేవెళ్ల దాటాక మర్రిచెట్ల నీడలో సాగే రోడ్డు అంతకు ముందు నాకు ప్రతి అతుకూ చేతుల్లోకి వచ్చే రోడ్డు. ఆ రోజు ఆ అతుకులు చెవికి వినపడ్డాయి గానీ చేతికి అంతగా తెలియలేదు. వికారాబాద్ దాటి అనంతగిరి ఎక్కేటప్పుడు కూడా, బార్ పైభాగం పట్టుకుని నెమ్మదిగా ఎక్కుతుంటే హాయిగా ఉంది.

దిగేటప్పుడు తేడా తెలిసింది. నా చేతులు చిన్నవి. డ్రాప్స్‌లో బార్ లావైపోయి వేళ్లు చుట్టూ తిరగడం లేదు. బ్రేక్ లీవర్ అందుకోవాలంటే పట్టు కాస్త వదలాలి. పట్టు సరిగ్గా లేదనిపించగానే మనిషి ఇంకా గట్టిగా పిసుకుతాడు. కొండ దిగేసరికి ముంజేతులు బిగుసుకుపోయాయి. వారం తిరక్కుండానే డ్రాప్స్‌లో ప్యాడ్లు తీసేశాను. పైభాగంలోనూ హుడ్స్ వెనక వంపులోనూ ఉంచాను. అవి ఇప్పటికీ ఉన్నాయి. టేప్ మూడుసార్లు మార్చినా ప్యాడ్లు అవే. అంచుల్లో కాస్త నలిగాయి తప్ప మెత్తదనం పోలేదు.

ఇంత చేసినా తర్వాత తొక్కిన 200 కిలోమీటర్ల బ్రెవేలో 120 కిలోమీటర్ల దగ్గర చిటికెన వేలు మళ్లీ తిమ్మిరెక్కింది. విజయవాడ హైవే మీద రంబుల్ స్ట్రిప్స్ వరసగా వచ్చేచోట చీమలు పాకినట్టు మొదలై, టీ కోసం ఆగేసరికి మొద్దుబారింది. నాకు చాలా బాధేసింది. డబ్బు పోయినందుకు కాదు, చెయ్యి మళ్లీ ఆరు వారాలు అలాగే ఉండిపోతుందేమోనని.

అసలు సంగతి పట్టుకున్నది మా పాత మెకానిక్. సైకిల్‌ని పక్క నుంచి చూసి, "అన్నా, సీటు ముక్కు కిందికి దిగింది చూడు. నువ్వు ముందుకు జారుతున్నవ్, చేతులతోటి ఆపుకుంటున్నవ్" అన్నాడు. లెవెల్ పెట్టి చూస్తే నిజమే. సీటు సమం చేశాడు. హ్యాండిల్‌బార్‌ని ఫోర్క్‌కు కలిపే స్టెమ్ 110 మిల్లీమీటర్లది తీసి 90ది వేశాడు. హుడ్స్‌ని కొద్దిగా పైకి తిప్పాడు, మణికట్టు నిటారుగా ఉండేలా. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్ల స్థానంలో 28వి వేయించుకున్నాను. అప్పటిదాకా గాలి 100 పీఎస్ఐ కొట్టేవాడిని. నా బరువు 72 కిలోలు, ఇప్పుడు ముందు 70, వెనక 75 సరిపోతోంది. నిజం చెప్పాలంటే అదురు తగ్గించడంలో ఆ టైర్లు చేసిన మేలు నేను కొన్న ప్యాడ్లూ టేపులూ అన్నీ కలిపి చేసిన దానికంటే ఎక్కువ.

ప్యాడింగ్ చేసే పని ఒకటే. రోడ్డు అదురును కాస్త తగ్గించి, ఒత్తిడిని కాస్త ఎక్కువ చోటికి పంచుతుంది. చేతుల మీద పడే బరువును అది తగ్గించలేదు. బరువు సర్దుకున్నాక మాత్రం దాని విలువ బాగా తెలుస్తుంది. రాళ్లు పరిచిన దారులే 50 కిలోమీటర్లకు పైగా ఉండే పారిస్-రూబే రేసులో కొందరు రైడర్లు టేప్ రెండు పొరలు చుట్టుకుంటారంటే ఊరికే కాదు.

టేప్‌ల విషయానికి వస్తే, కార్క్ కలిపిన రకం చేతికి హాయిగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది, ధర తక్కువ. కానీ చుట్టేటప్పుడు కాస్త ఎక్కువ లాగితే చిరిగిపోతుంది. నాకు ఎనిమిది నెలలు వచ్చింది. పాలిమర్ రకాల్లో మందం ఎంచుకునే వీలుంది. లిజర్డ్ స్కిన్స్ డీఎస్‌పీ టేప్ 1.8, 2.5, 3.2 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. ఈ రకం చెమటలో కూడా జారదు, అదే దీని గొప్ప. జారకపోతే గట్టిగా పిసకాల్సిన అవసరం ఉండదు, అది కూడా చేతికి విశ్రాంతే. చేతులు పెద్దవైతే 3.2, నాలాంటి వాళ్లకు 2.5. పైభాగంలో ప్యాడ్ ఉంటే అంతకంటే మందం అక్కర్లేదు.

చుట్టే పద్ధతి కూడా ముఖ్యమే. బార్ కింది చివర మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ రావాలి. అప్పుడు కింది చుట్టు అంచు మీద పై చుట్టు కూర్చుంటుంది, చేతి ఒరిపిడికి అంచులు లేవవు. ఒకసారి పైనుంచి కిందికి చుట్టాను. నెల తిరక్కుండా డ్రాప్స్ వంపులో అంచులు లేచిపోయాయి.

టేప్ బాగానే ఉన్నా ఏడాదికి ఒకసారి విప్పి చూడండి. మన ఎండల్లో కారే చెమటంతా టేప్ కిందికి దిగుతుంది, ఆ ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండోసారి టేప్ విప్పినప్పుడు నా బార్ మీద, లీవర్ బిగించేచోట తెల్లటి పొడి కనిపించింది. తుడిస్తే కింద చిన్న చిన్న గుంటలు. అలాంటి బార్ కొండ దిగేటప్పుడు విరిగితే మనిషి దక్కడం కష్టం. ఆ రోజే కొత్త బార్ వేయించాను. అప్పటి నుంచి ఎండాకాలంలో ప్రతి లాంగ్ రైడ్ తర్వాత తడిగుడ్డతో టేప్ తుడుస్తున్నాను.

గ్లౌజుల దగ్గర కూడా ఒక పొరపాటు చేశాను. షాపులో అన్నిటికంటే మందంగా జెల్ ఉన్న జత కొన్నాను. అరచేతి అంచు మొత్తం ఒకే పెద్ద మెత్త. హుడ్స్ మీద బరువు పెట్టగానే ఆ మెత్త నేరుగా నరం వెళ్లే దారినే నొక్కేది. తిమ్మిరి ఇంకా త్వరగా వచ్చింది. ఇప్పుడు వాడుతున్న జతలో మెత్త పల్చగా ఉంటుంది, రెండు భాగాలుగా ఉండి మధ్యలో ఖాళీ ఉంటుంది. ఎముకల మీద ఒత్తిడి పడుతుంది, నరం మీద కాదు. కొనేటప్పుడు గ్లౌజు వేసుకుని, టేబుల్ అంచు మీద రెండు నిమిషాలు బరువు మోపి చూడండి. షాపు వాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

ఇవన్నీ మార్చాక రెండు 300లు, ఒక 400 తొక్కాను. 400లో తెల్లవారుజామున కుడి చిటికెన వేలు కాసేపు బరువెక్కింది. పది నిమిషాలు బార్ పైభాగం పట్టుకుని తొక్కితే సర్దుకుంది. ప్రతి పది నిమిషాలకూ చేతుల చోటు మార్చడం ఇప్పుడు అలవాటైపోయింది. గుర్తు రాకపోతే వాచీలో అలారం పెట్టుకుంటాను.

డబ్బు తక్కువగా ఉంటే నేను ఈ వరసలో ఖర్చు పెడతాను. ముందు సీటు, స్టెమ్, హుడ్స్ సరిచేయించడం. తర్వాత 28 టైర్లు, ఫ్రేమ్‌లో పడితే 32. ఆ తర్వాత సరైన చోట మెత్త ఉన్న గ్లౌజు. చివరగా పైభాగానికి మాత్రం జెల్ ప్యాడ్లు, వాటి మీద జారని టేప్. వేళ్లలో తిమ్మిరి రైడ్ అయిపోయిన మర్నాటికి కూడా ఉంటే ఇవేవీ కొనకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేను నాలుగు రోజులు ఆగాను, ఆగకుండా ఉండాల్సింది.