జి6పిడి టెస్టుకి వెళ్తే పాలు పట్టొద్దన్నారు! (తిరుపతి ల్యాబ్ రివ్యూ, 3.5/5)

ల్యాబ్ పేరు రాయను, తిరుపతిలోదే. మా అక్క కొడుక్కి పుట్టగానే కామెర్లు ఎక్కువై లైటు కింద పెట్టాల్సి వచ్చింది, అందుకని పిల్లల డాక్టరు జి6పిడి అనే రక్తపరీక్ష రాశారు. ఫోన్ చేస్తే కౌంటర్‌లో అమ్మాయి "గ్లూకోజ్ టెస్టే కదా సార్, ఫాస్టింగ్‌లో తీసుకురండి, పాలు పట్టొద్దు" అనేసింది. రెండు నెలల పసివాడికి ఫాస్టింగేంటమ్మా! పేరులో గ్లూకోజ్ ఉంటే షుగర్ టెస్టు అయిపోతుందా? చూసేది ఎర్ర రక్తకణాల్లోని గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్‌ని, పాలు తాగితే దానికొచ్చే నష్టమేమీ లేదు. ఒక స్టార్ ఇక్కడే పోయింది.

రక్తం తీసినబ్బాయిని మాత్రం మెచ్చుకోవాలి. బుల్లి చేతి వెనక నరం దొరకబుచ్చుకుని ఒక్కసారే గుచ్చాడు, ఊదారంగు మూత ట్యూబుని గడ్డ కట్టకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పుతూనే అక్కతో మాట కలిపాడు, వాడు గుక్కపట్టేలోపు దూది పెట్టి ప్లాస్టర్ కూడా వేసేశాడు.

రిపోర్టులో ఎంజైమ్ తక్కువని వచ్చింది. కవరు చేతికిచ్చి "నెక్స్ట్" అన్నారు, అంతే. గట్టిగా అడిగితే పై అంతస్తులో పాథాలజీ మేడమ్ దగ్గరికి పంపారు. ఆవిడ కాగితం మీద గీసి మరీ చెప్పారు: ఈ ఎంజైమ్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ నుంచి హైడ్రోజన్ లాగి 6-ఫాస్ఫోగ్లూకోనోలాక్టోన్‌గా మారుస్తుంది, దాంతో ఎన్ఏడీపీ అనే సహాయక అణువు కాస్తా ఆ హైడ్రోజన్ అందుకుని ఎన్ఏడీపీహెచ్ అవుతుంది, కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ అయిపోకుండా చూసేది అదే. మిగతా కణాలకి వేరే దారులున్నాయి గానీ ఎర్రకణానికి మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం) లేదు కాబట్టి ఇదొక్కటే దిక్కు. అందుకే మలేరియాకిచ్చే ప్రైమాక్విన్, కుష్ఠుకిచ్చే డాప్సోన్ లాంటి మందులు పడితే కణాలు చితికిపోతాయి. కలరా ఉండలు కూడా పడవట! మా అమ్మేమో ట్రంకుపెట్టెలో ఆ ఉండలేసి దాచిన పాత మెత్తటి గుడ్డలే వాడికి వేస్తోంది. ఆ సాయంత్రమే అన్నీ తీయించేశాం. అన్నట్టు ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది, కాబట్టి బావని ఆడిపోసుకునే ఛాన్స్ మాకు లేదు.

కణాలు చితికిన కొత్తల్లో టెస్టు చేస్తే, కొత్తగా పుట్టిన కణాల్లో ఎంజైమ్ ఎక్కువుండి తప్పుగా నార్మల్ అని రావచ్చట. ఈ ముక్కైనా రిపోర్టు కింద వేయొచ్చు కదా, ఇంత బాగా చెప్పే మనిషిని పైన పెట్టుకుని కింద కవరిచ్చి పంపేస్తారేంటో! వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఈ శాంపిల్ చెన్నైకి పంపుతారు, మధ్యాహ్నం బండి పోయిందంటే మర్నాడే.