మూలకణాల దాతకు ఏ ఇంజెక్షన్ మేలు?

అక్కకి బ్లడ్ క్యాన్సర్. మూలకణాలు ఇవ్వడానికి నావి సరిపోయాయి. రావులపాలెంలో ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. "ఏ జబ్బూ లేనివాడికి సూదులెందుకురా?" అని అమ్మ అడుగుతూనే ఉంది.

మూలకణాలంటే రక్తకణాలన్నిటినీ పుట్టించే కణాలు. అవి ఎక్కువగా ఎముక మజ్జలోనే ఉంటాయి. అవి రక్తంలోకి వస్తేనే మెషీన్‌ వాటిని వేరు చేయగలదు. ఆ పని ఎక్కువగా ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఇంజెక్షన్‌తో చేయిస్తారు. నారు తీసేముందు మడికి నీళ్లు పెట్టి మట్టి వదులు చేస్తాం కదా, అలాంటిదే. కిలో బరువుకి 10 మైక్రోగ్రాముల చొప్పున రోజూ చర్మం కింద ఇస్తారు. 60 కిలోల మనిషికి రోజుకి 600 మైక్రోగ్రాములు. నాలుగైదు రోజులు పడుతుంది. నడుము, తొడ ఎముకలు బాగా లాగుతాయి, తలనొప్పి వస్తుంది. నాకు పారాసెటమాల్‌తో సర్దుకుంది. మందుని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. రొయ్యల వ్యాపారంలో వాడే థర్మకోల్ పెట్టె మాకు పనికొచ్చింది. ఐస్ నేరుగా తగిలి మందు గడ్డకట్టకుండా మధ్యలో గుడ్డ వేశాం.

ప్లెరిక్సాఫోర్ అనే ఇంకో ఇంజెక్షన్ దారి వేరు. మజ్జలో కణాన్ని పట్టి ఉంచే కొక్కేన్ని అది గంటల్లోనే విడిపిస్తుంది. మొదట హెచ్ఐవీ కోసం పరీక్షించిన మందు ఇది. 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది లింఫోమా, మైలోమా అనే బ్లడ్ క్యాన్సర్ల రోగులకి, అదీ ఫిల్‌గ్రాస్టిమ్ లాంటి మందుతో కలిపి. ఎముకల నొప్పి తక్కువ, విరేచనాలు, వికారం ఎక్కువ. ఫ్రిజ్ అక్కర్లేదు. కానీ ఖరీదు చాలా ఎక్కువ, పైగా అదొక్కటే ఇస్తే కొందరు దాతల్లో సరిపడా కణాలు రావు. ఫిల్‌గ్రాస్టిమ్ ఇచ్చాక కూడా సీడీ34 లెక్క (రక్తంలోకి వచ్చిన మూలకణాల లెక్క) తక్కువ వస్తే, అప్పుడు తోడుగా వాడితే అక్కరకొస్తుంది.

పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అంటే ఫిల్‌గ్రాస్టిమ్‌లోనే ఎక్కువ రోజులు నిలిచే రకం, ఒక్క సూదితో రోజుల తరబడి పనిచేస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకి సులువే. కానీ ఒంటికి పడకపోతే మర్నాటి డోసు ఆపుదామంటే కుదరదు. నాకు అదే నచ్చలేదు.

నా మటుకు ఫిల్‌గ్రాస్టిమే. జబ్బు లేని ఒంట్లోకి వెళ్లే మందు కాబట్టి, జబ్బు లేనివాళ్లలో ఎక్కువకాలం చూసిందే నాకు ముఖ్యం. దాతల్ని ఏళ్ల తరబడి గమనించిన రిజిస్ట్రీల్లో (దాతల వివరాలు నమోదు చేసే సంస్థల్లో) బ్లడ్ క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు తేలలేదు. ఈ మాట విన్నాకే అమ్మ కుదుటపడింది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. ఈ మందుతో ప్లీహం (కడుపులో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం) ఉబ్బుతుంది, చాలా అరుదుగా పగలొచ్చు. ఎడమ డొక్క పైభాగంలో గానీ ఎడమ భుజంలో గానీ నొప్పి వస్తే వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి. డాక్టర్ సరేననేదాకా నేను అరటి గెల భుజాన ఎత్తుకోలేదు, కొబ్బరిచెట్టు ఎక్కలేదు.